ఎలుకలకు మడి లేదు: ‘సంస్కార’లో ప్లేగు, వాడ

2020లో కరోనా వచ్చినప్పుడు ఒక వాదన బాగా వినపడింది. దూరంగా ఉండటం, తాకకపోవడం, బయటినుంచి రాగానే కాళ్లు కడుక్కోవడం ఇవన్నీ మన పెద్దలు మడి పేరుతో ఎప్పుడో చెప్పారనీ, అది సైన్సేననీ చదువుకున్నవాళ్లే అన్నారు. ఆ మడి ఎవరిని దూరం పెట్టిందో, ఎక్కడ పెట్టిందో ఆ మాటల్లో లేదు. అంటరానితనానికి ఆరోగ్యశాస్త్రం ముసుగు వేసే ఈ వాదన నిలబడుతుందా? తేల్చుకోడానికి ఒక నవలను మళ్లీ చదవాలని మేం అనుకుంటున్నాం. అది యు.ఆర్. అనంతమూర్తి కన్నడ నవల ‘సంస్కార’ (1965).

తెలుగువాళ్లకు ఈ కథ కొత్త కాదు. 1970లో దీన్ని సినిమాగా తీసింది ‘ఫిడేలు రాగాల డజన్’ కవి పఠాభి, అంటే మన నెల్లూరు ప్రాంతపు తిక్కవరపు పట్టాభిరామరెడ్డే. అగ్రహారంలో నారణప్ప చచ్చిపోతాడు. ఆచారాలన్నీ కాలదన్నినవాడు, తక్కువ కులపు చంద్రితో కాపురం చేసినవాడు. అతనికి దహనం ఎవరు చెయ్యాలి? ఈ ప్రశ్న చుట్టూనే ప్రాణేశాచార్యుల ధర్మసంకటం నడుస్తుంది. విమర్శకులు కూడా ఆ సంకటం చుట్టూనే తిరిగారు. నారణప్పను చంపిన రోగాన్ని మాత్రం బ్రాహ్మణత్వం కుళ్లిపోవడానికి ఒక ప్రతీకగా చూసి వదిలేశారు.

మేం ఆ రోగాన్ని రోగంగానే చదువుతాం. నారణప్ప షిమోగా వెళ్లి జ్వరంతో, ఒంటిమీద గడ్డతో తిరిగొచ్చాడు. అది ప్లేగు. ఆ తర్వాత అగ్రహారంలో ఎలుకలు చచ్చిపడతాయి. వాటికోసం రాబందులు ఇళ్ల కప్పుల మీద వాలతాయి. బ్రాహ్మలు దాన్ని అపశకునమనుకుని శంఖాలూదుతారు, జాగటలు కొడతారు. ఎలుక ఒంటిమీద రక్తం తాగి బతికే పురుగులు ఆ ఎలుక చచ్చాక మనుషుల మీదికి వస్తాయి. వాటితో రోగమూ వస్తుంది. ఈ సంగతిని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ కనిపెట్టాడు. స్నానం, జపం, తడిబట్ట, ఎవరినీ తాకని జాగ్రత్త అన్నీ ఆ అగ్రహారంలో ఉన్నాయి. అయినా ప్లేగు వచ్చింది. మడి మనుషుల్ని ఆపింది గానీ ఎలుకల్ని ఆపలేదు. మడే సైన్సు అనేవాళ్లకు ఈ నవలే జవాబు.

ఇక వాడ సంగతి చూద్దాం. నవలలో హొలెయల గుడిసెల్లోనూ జనం చచ్చిపోతారు. మిగిలినవాళ్లు శవాలతో సహా గుడిసెలకు నిప్పు పెడతారు. ఒక్క బ్రాహ్మణ శవానికి పేజీలకు పేజీల శాస్త్రచర్చ జరిగితే, వాడ చావులకు దక్కినవి కొద్ది వాక్యాలు. బెళ్లి అనే దళిత యువతి శరీరాన్ని వర్ణించడానికి రచయితకు చోటు దొరికింది, ఆమె మనసులోకి తొంగిచూడడానికి దొరకలేదు. అగ్రహారపు ఆశపోతుతనాన్నీ, చంద్రి నగల కోసం పడే తన్నులాటనీ అనంతమూర్తి దాపరికం లేకుండా చూపించాడు. చివరికి ఆ శవాన్ని కాల్చింది శాస్త్రం కాదు, చంద్రీ చేపల వ్యాపారి అహ్మద్ బారీ అని కూడా ఆయనే రాశాడు. అది చిన్న విషయం కాదు. కానీ వాడను ఆయన అగ్రహారం అరుగు మీద నుంచే చూశాడు. అక్కడినుంచి గుడిసె కాలుతున్న మంట కనిపిస్తుంది. లోపల చచ్చినవాళ్లు ఎవరో కనిపించదు.

గుడిసెలు అక్కడే ఎందుకున్నాయి? ఊరికి దూరంగా, పల్లంలో, ఊరి మురుగు పారేచోట వాడను పెట్టింది ప్రకృతి కాదు, కులం. పర్యావరణం అంటే చెట్లూ కొండలే కాదు. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఒక్క గదిలో ఎంతమంది పడుకుంటారు, చచ్చిన పశువును ఎవరు మోస్తారు, పక్కవాడి మలం ఎవరు ఎత్తుతారు అన్నవి కూడా పర్యావరణమే. రోగం గాల్లోంచి రావచ్చు, ఎలుక మీంచి రావచ్చు. ఎవరిని ఎక్కువగా చంపాలో మాత్రం ఈ ఏర్పాటే నిర్ణయిస్తుంది.

1918 ఇన్‌ఫ్లుయెంజా దీనికి సాక్ష్యం. ఆ ఏడు బొంబాయి నగర ఆరోగ్యశాఖ లెక్కల్లో వెయ్యిమందికి చావులు ఇలా ఉన్నాయి: ‘తక్కువ కులాల హిందువులు’ 61.6, మిగతా హిందువులు 18.9, ముస్లింలు 19.2, పార్సీలు 9, యూరోపియన్లు 8.3. ఒకే నగరం, ఒకే గాలి, ఒకే రోగం. చావులు మాత్రం మూడింతలు, ఏడింతలు. ఇది గాలిలో పాకే జబ్బు, ఎలుకలతో పనిలేదు. కాబట్టి వాళ్లు మురికిగా ఉంటారు కాబట్టి చచ్చారు అనే పాత పాట ఇక్కడ చెల్లదు. కిక్కిరిసిన గదులు, ఆ ఏడు వానలు లేక పెరిగిన ధరలు, అర్ధాకలి కడుపులు, జ్వరంతో పడుంటే గంజి పోసే మనిషి కూడా లేకపోవడం, ఇవీ కారణాలు. దూరం పెట్టడమే రక్షణ అయితే, అందరికన్నా దూరంగా పెట్టినవాళ్లే అందరికన్నా ఎక్కువగా ఎందుకు చచ్చారు?

1897 పుణే ప్లేగు గురించి మన పాఠాల్లో ఏముంది? ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు చంపడం ఉంది. సైనికులు ఇళ్లలో చొరబడి చేసిన అత్యాచారాలు నిజమే, ఆ కోపాన్ని కొట్టిపారెయ్యం. కానీ అదే ప్లేగులో ముంఢ్వా మహర్‌వాడ నుంచి జబ్బుపడ్డ పిల్లవాణ్ణి ఎత్తుకుని, దత్తపుత్రుడు డాక్టర్ యశ్వంత్ వైద్యశాలకు చేర్చిన సావిత్రీబాయి ఫూలే గురించి ఎంతమంది చెప్పారు? ఆ రోగమే సోకి ఆమె 1897 మార్చి 10న చనిపోయారు. తాకితే రోగం అంటుకుంటుందని ఆమెకు తెలీదా? తెలిసే తాకారు. రోగిని జాగ్రత్త కోసం కొన్నాళ్లు విడిగా ఉంచడం వేరు, ఒక జాతిని పుట్టుకతోనే వెలివెయ్యడం వేరు. ఈ తేడాను ఆమె తన చావుతో చూపించారు.

అందుకే మహమ్మారి గురించి ఏ కథ చేతికొచ్చినా, ఏ నివేదిక చేతికొచ్చినా మనం కొన్ని ప్రశ్నలు వెయ్యాలి. చచ్చినవాళ్లు ఏ గుడిసెలో చచ్చారు? ఆ గుడిసెను అక్కడ పెట్టిందెవరు? శవాల్ని ఎత్తిందెవరు, రోడ్లు ఊడ్చిందెవరు, వాళ్ల చేతికి తొడుగులు ఇచ్చారా లేదా? 2020లో చప్పట్లు కొట్టించుకున్న సఫాయి కార్మికుల్ని ఆ చప్పట్లు ఆగాక ఎవరు లెక్కపెట్టారు? ప్రాణేశాచార్యుల సంకటం మీద మన విమర్శ చాలా సిరా ఖర్చుపెట్టింది. ఆ కాలిన గుడిసె లోపలి కథను వాడలోంచే రాయాలి. అది మనమే రాయాలి.