మా మన్ను కత, అనంతపురం మాటల్లో

పొద్దుమూకే వేళ నడక అయినాక టీకడ దగ్గర మేము నలుగురం రిటైరైనవాళ్లం దినమూ ఒక గంట కూర్చొని సినిమాల గురించి వాదించుకొంటాము. రాజకీయం ఎత్తితే గొడవ, ఆస్తి పంపకాలు ఎత్తితే ఇంకా పెద్ద గొడవ, అందుకని సినిమా. ఒకరు తీపెట్టి ఆపీసులో లెక్కలు రాసినవారు. ఒకరు డ్రిల్ మాస్టరు. ఇంకొకరు విరుదునగర్‌లో పప్పుల వ్యాపారం కొడుక్కు అప్పగించి కోవిల్‌పట్టికి వచ్చేసినవారు. నేను బ్యాంకులో ముప్పై ఆరేండ్లు. నలుగురికీ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. సినిమా మాటలు మాత్రం రెండూ కలిపి నడుస్తాయి. కోపం వస్తే తెలుగు ఎక్కువవుతుంది.

పోయిన వారం వాదన 'నారప్ప' మీద. అది కొత్త సినిమా కాదు. 2021 జూలైలో అమెజాన్ ప్రైమ్‌లో నేరుగా వదిలినారు. అప్పుడు మాలో ఎవరూ పట్టించుకోలేదు. 'అసురన్' 2019లోనే చూసేసినాము గదా, అదే కత మళ్లీ ఎందుకు అని. మొన్న డ్రిల్ మాస్టరు మనమరాలి ఫోనులో చూసి వచ్చి, "మామా, వెంకటేష్ మన మాదిరే మాట్లాడతాడప్పా" అన్నాడు. నేను నమ్మలేదు. ఇంటికి పొయి చూసినాను. సగం వరకు చూసి మా ఇంటామెను కూడ పిలిచి మొదటినుంచి పెట్టినాను.

ఈ కత ఎక్కడిదో తెలియనివాళ్లకు ఒక మాట. కోవిల్‌పట్టి పక్కనుండే ఆండిపట్టిలో పుట్టిన పూమణి 1982లో 'వెక్కై' అని తమిళంలో నవల రాసినాడు. ఒక పిల్లవాడు అన్నను చంపినవాణ్ని చంపేసి తండ్రితో పాటు గుట్టల్లో, తోటల్లో దాక్కొని తిరిగే కత. ఆ కరువు, ఆ ముళ్లచెట్లు, ఆ ఎండ అన్నీ మా కరిసల్ కాడువే. వెట్రిమారన్ దాన్ని తీసుకొని, తండ్రికి ఒక పాత జీవితం కల్పించి 'అసురన్' చేసినాడు. ఉత్తమ తమిళ చిత్రం, ధనుష్‌కు ఉత్తమ నటుడు, రెండు జాతీయ అవార్డులూ వచ్చినాయి. అదే శ్రీకాంత్ అడ్డాల చేతిలో అనంతపురం జిల్లా కత అయి 'నారప్ప' అయింది. అంటే మా మన్నులో పుట్టిన కత ఒకటి తెలుగు మాట్లాడింది. కానీ మా తెలుగు కాదు, అనంతపురం తెలుగు.

ఇందులో చిత్రం ఏమంటే, నాకు ఆ తెలుగే మా ఇంటి తెలుగు మాదిరి వినిపించింది. యాడ, ఆడ, ఈడ. పొయినాడు, వచ్చినాడు. ఉండాది. చిన్నప్పుడు మా అవ్వ నోట విన్న మాటలు. ముప్పై రెండేండ్ల వయసులో నన్ను ఆంధ్రాలో ఒక బ్రాంచికి మార్చినారు. అక్కడే తెలుగు అక్షరాలు కూడబలుక్కొని నేర్చుకొన్నాను, లోను ఫారాల మీద. కౌంటర్లో "మీ పాస్‌బుక్కు యాడ ఉండాది?" అని ఒకాయన్ను అడిగితే పక్క సీట్లవాళ్లు నవ్వినారు. "సార్‌ది అరవ తెలుగు" అన్నారు. అది తమిళం కలిసి చెడిపోయిన మాట అని నేనూ నమ్మినాను. ఆ మూడేండ్లలో నా మాట మార్చుకొన్నాను. తిరిగి ఊరికి వచ్చి మా అమ్మతో 'ఎక్కడ ఉంది' అంటే ఆమె నన్ను కొత్తవాణ్ని మాదిరి చూసింది. ఇప్పుడు అదే 'యాడ' అంత పెద్ద హీరో నోట, ఎవరూ నవ్వకుండా. అది తమిళం కాదు, సీమలో ఇప్పటికీ బతికి ఉండే తెలుగు అని చెప్పడానికి నాకు ఒక సినిమా కావలసి వచ్చింది. కామర్స్ చదివినవాణ్ని, భాషాశాస్త్రం నాకు తెలియదు, కానీ చెవికి తెలుస్తుంది గదా.

సరే, సినిమా ఎట్లుంది అంటే, సగం బాగుంది. 'అసురన్' చేసేనాటికి ధనుష్‌కు ముప్పై ఆరు. ముసలితనం వేషం వేసుకొన్నాడు, కుర్రతనం ఆయనదే. 'నారప్ప' నాటికి వెంకటేష్‌కు అరవై. ముసలి నారప్ప దెబ్బలు తిని, కాళ్లు పట్టుకొని, కొడుకు ముందర చిన్నబోయే చోట్ల నాకు ధనుష్ కంటే ఈయనే నచ్చినాడు. అరవై దాటిన మనిషి ఒళ్లు ఎట్లా వంగుతుందో అది నటన కాదు. వెనకటి కతలో కుర్రవాడిగా వచ్చినప్పుడు మాత్రం నేను ఫోను పక్కన పెట్టేసినాను. ప్రియమణి బాగుంది. మిగతావాళ్లలో కొందరి నోట యాస ఒక వాక్యంలో ఉండి ఇంకో వాక్యంలో జారిపోతుంది. షాట్ల వరస పాతదే గనక కొత్తగా ఆలోచించిన జాడ తక్కువ.

ఇంకొక సంగతి చూసి మా ఇంటామె నవ్వింది. ఈ సినిమాలో కొంత భాగం తిరుచెందూరు దగ్గర తేరికాడులో తీసినారు. ఆ ఎర్ర ఇసుక మా తూత్తుకుడి జిల్లాదే. కత మా నల్లమన్నుది, మాట అనంతపురానిది, తెర మీద మన్ను మళ్లీ మా జిల్లాది, కానీ ఎర్రది. "మన ఊరికి వచ్చి మనల్ని అడగకుండానే పొయినారు" అంది ఆమె.

అడగకపోవడం కొత్త కాదు. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో మా అవ్వతో 'వీరపాండియ కట్టబొమ్మన్' చూసినాను. 1959 సినిమా, మా ఊరికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. పాంచాలంకురిచ్చి మాకు ఎంతో దూరం లేదు, ఉరి తీసిన కయత్తార్ ఇంకా దగ్గర. కట్టబొమ్మన్‌ది తెలుగు మాట్లాడే కంబళ నాయకర్ల ఇల్లు. శివాజీ గణేశన్ తెల్లదొర ముందు గర్జిస్తుంటే టెంటు అంతా ఈలలు. మా అవ్వ మాత్రం, "వాడు మనవాడే గదరా, పెండ్లాంతో గూడ ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదే" అంది. ఆ పెండ్లాం వేషం వేసినామె ఎస్. వరలక్ష్మి, సాక్షాత్తూ తెలుగామె. తెలుగు వచ్చినామె, తెలుగు ఇంటి రాణి వేషం, మాట తమిళం. ఆంధ్రాలో అది 'వీరపాండ్య కట్టబ్రహ్మన' అని డబ్బింగులో ఆడింది. అక్కడ మాట్లాడినాడు, తెలుగే, కానీ పుస్తకం తెలుగు. పాంచాలంకురిచ్చిలో ఆ తెలుగు ఎవరు మాట్లాడినారు?

ఇక ఎవరూ చూడని సినిమా ఒకటి. 2003లో అంషన్ కుమార్ తీసిన 'ఒరుత్తి'. ఇడైసేవల్ కి. రాజనారాయణన్ రాసిన 'కిడై' దానికి మూలం. కి.రా. ఇంటి భాష తెలుగు, రాత తమిళం. కరిసల్ మాటలకు నిఘంటువు కూడ కూర్చినాడు. మా నలుగురిలో ఈ సినిమా చూసింది నేనొక్కణ్నే. కీదారి, మందలు, ఒక పిల్ల, ఒక పిల్లవాడు, వాళ్లు ఏమరి ఉన్నప్పుడు చేను మేసిపోయిన మేకలు, ఎవరి మేకలు అని ఊరి విచారణ. ఫైట్లు లేని సినిమా. మెల్లగా నడుస్తుంది, కొన్ని చోట్ల నాటకం మాదిరి ఉంటుంది, అది ఒప్పుకొంటాను. కానీ ఎండలో మంద కదలడం, పెద్దమనుషుల ముందు ఆ పిల్ల నిలబడడం నాకు ఇరవై ఏండ్లైనా పోలేదు. తప్పు ఇద్దరిదీ, నింద ఒకరి మీదే. పెద్దకులపు పిల్లవాడికి పెండ్లి, ఆ పిల్లకు ఏమీ లేదు.

తీపెట్టి ఆపీసు ఆయన దీని మీదే నన్ను పట్టుకొన్నాడు. "సరే మామా, తెలంగాణ మాటతో 'బలగం' తీసినారు, చిత్తూరు మాటతో 'పుష్ప' తీసినారు, తిరునెల్వేలి తమిళంతో మారి సెల్వరాజ్ తీస్తా ఉండాడు. మన తెలుగుతో తియ్యమను. ఎవురి కత తీస్తారు? 'నారప్ప'లో నువ్వు ఏ పక్క?"

నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి లేదు. మన్ను కత మాది అని మురిసిపొయినాను గానీ, ఆ కతలో కంచె వేసినవాళ్లు ఉండారు, కంచె దగ్గర చచ్చినవాళ్లు ఉండారు. మా ఊళ్లలో తెలుగు మాట్లాడే నాయకర్ల చేతిలో భూములు ఉండినాయి. మా తాతకూ ఉండినాయి. అదే ఊళ్లలో చెప్పులు కుట్టి, వీధులు ఊడ్చే అరుంధతియార్ల ఇండ్లలోనూ తెలుగే. వాళ్ల తెలుగును మా ఇండ్లలో తెలుగుగా లెక్కపెట్టినట్టు నాకు గుర్తులేదు. ఆంధ్రావాళ్లు నా మాట విని నవ్వినారని ముప్పై ఏండ్లు మనసులో పెట్టుకొన్నాను. మేము ఎవరి మాట విని నవ్వినామో అది లెక్కలో రాయలేదు. మా తెలుగుతో నిజంగా సినిమా వస్తే అందులో తెలుగు రెండు వైపులా ఉండాలి. 'ఒరుత్తి'లాంటి విచారణలో అడిగేవాడిదీ తెలుగే, తల వంచుకొన్నదానిదీ తెలుగే అయి ఉంటే ఎట్లా వినిపిస్తుందో అని ఆ రాత్రి ఆలోచించినాను.

మా వీధి ఊడ్చడానికి వచ్చే ఆమెను పదిహేనేండ్లుగా చూస్తా ఉండాను. కూతురితో ఫోనులో తెలుగు మాట్లాడడం ఎన్నోసార్లు విన్నాను. నేను మాత్రం ఎప్పుడూ తమిళంలోనే పలకరించినాను. మొన్న తెల్లవారి గేటు దగ్గర నిలబడి, "ఏమమ్మా, నారప్ప సినిమా చూసినావా?" అని తెలుగులో అడిగినాను. ఆమె కట్ట ఆపి నా వైపు చూసి తమిళంలోనే, పార్త్తేన్ సార్, అంది. నేను నిలబడే ఉండాను. కొంచెంసేపటికి, "ఆ పిల్ల తలకాయ మీద చెప్పులు పెట్టించినారే, ఆడ ఆపేసినాను సార్" అంది, తెలుగులో. మళ్లీ ఊడ్చడం మొదలుపెట్టింది.