తెల్ల బూరుగు

ప్రత్తి పండించు గుంటూరు, ప్రకాశం సీమలలో దూది కాచు చెట్టొకటి యేల యని నన్నడుగువారు కలరు. అట్టివారి చేతిలో నేను తెల్ల బూరుగు కాయ నొకదానిని పెట్టుదును. జానెడు కాయ; ఐదు బద్దలుగా విచ్చినంతనే లోపల మెఱుగుదూదియు, దానిలో విడివిడిగా మిరియములవంటి నల్లని గింజలును అగపడును. ప్రత్తిలో పోచ గింజమీదనే మొలచును గనుక జిన్నింగు చేయనిదే అది విడివడదు. బూరుగున దూది కాయ గోడ లోపలివైపున పుట్టును గనుక కఱ్ఱతో కలియబెట్టిన మాత్రముననే గింజలు అడుగునకు దిగును. ఆ పోచ పొట్టిది, నునుపైనది, లోన బోలుగా నుండి పైన మైనపుపూత గలిగినది. అందుచేతనే నూలు వడకుటకు లొంగకపోయినను, నీరంటనీయని గుణముచే రెండవ ప్రపంచయుద్ధమున నావికుల ప్రాణరక్షక కవచములలో కూరబడినది. తలగడకు దీనిని మించిన దూదిని నేనెఱుగను.

అమెజాను మహారణ్యమున 200 అడుగుల యెత్తుకు పెరిగి తక్కిన వృక్షముల కెల్ల పైగా తలయెత్తు నీ చెట్టును ప్రాచీన మాయా నాగరికతవారు పవిత్రముగా నెంచిరి. గ్వాటెమాలాకు నేడిది జాతీయవృక్షము. అంతటి వర్షదేశపు చెట్టు మన మెట్టసీమలో బ్రతుకుటకు కారణ మొక్కటే: నీరు తగ్గగానే ఆకు రాల్చి యూరకుండుట. ఆకులేని యా కొమ్మలమీదనే రాత్రివేళ పాలవన్నె పూలు విచ్చును. తేనెకై వచ్చు గబ్బిలములే వానికి పరాగమును చేరవేయును. ఎఱ్ఱపూల బూరుగు వేఱు. రెండును ఒకటి యనుకొనరాదు.

తాజా గింజ నాటినను మొలచును, తొలకరిలో ముదురు కొమ్మను పాతినను చిగుర్చును. నల్లరేగడి పల్లములో నీరు నిలిచి వేరు కుళ్ళును గావున ఎత్తైన గట్టును, ఇసుకపాలు గల మెట్టను ఎన్నుకొనవలయును. పెళుసు కొమ్మలు గాలికి విఱుగును. ఇంటి ప్రక్కన వలదు. అన్నిటికంటె ముఖ్యముగా ప్రత్తిచేనికి దూరముగా నుంచవలయును: రెండును దగ్గఱి చుట్టములగుటచే, కాయల రసము పీల్చి దూదికి మరకలంటించు ఎఱ్ఱపురుగు రెంటను నివసించును. ఈ హెచ్చరికను లెక్కచేయక గట్టు గట్టునకు నాటుమని చెప్పువారి మాట నేను ఒప్పను.

లేతమానునకు ముండ్లుండును గనుక పశువుల బెడద తక్కువ. నాలుగైదేండ్లకు కాపు వచ్చును. కాయ పచ్చదనము వీడి కపిలవర్ణమునకు తిరిగిన వెంటనే, పగులకమునుపే కోయవలయును. ఆలసించినచో వేసవిగాలి ఆ దూదిని ఊరిమీద చల్లును.