మాయాప్రవరుఁడు

శ్రీకృష్ణదేవరాయల (1509-1529) యాస్థానకవి యగు అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రముఁ జదువువారు ప్రవరుని నిష్ఠను మెచ్చుటకును, వరూధిని విరహమునకుఁ గరఁగుటకును నలవాటుపడియున్నారు. ఈ యిరువుర నడుమ వచ్చిన గంధర్వుని విషయమునఁ దీర్పు తేలికగాఁ జెప్పుదురు: వాఁడు వంచకుఁడే, కాని వానివలన స్వరోచియు, స్వరోచివలన స్వారోచిషమనువును జనించిరి, కావున నా వంచన లోకహితమైనదని. ఈ వాదము పరీక్షింపఁదగినది.

గంధర్వుఁడు తొలుత వరూధినిని నిజరూపముతోనే కోరెను. ఆమె తిరస్కరించెను. పిమ్మట నామె ప్రవరునికై పరితపించుచుండఁగాఁ జూచి, మాయచే నా బ్రాహ్మణుని యాకృతిఁ దాల్చెను. వ్యాకరణమున నాదేశము స్థానివలె నడచును. స్థానికిఁ గలుగు కార్యము లాదేశమునకును గలుగును. అయినను వర్ణస్వరూపము నాశ్రయించిన విధులందు నీ యతిదేశము చెల్లదు. మాయాప్రవరుఁడును నట్టి యాదేశమే. ప్రవరుని రూపమును, అతనిపైఁ గల వరూధిని యనురాగమును వానికి సంక్రమించినవి. ప్రవరుని స్వరూపము నాశ్రయించిన నిష్ఠ మాత్రము సంక్రమింపలేదు.

ఈ కథకు మూలమగు మార్కండేయపురాణమున వీనిపేరు కలి. సంగమవేళఁ గన్నులు మూసికొనవలెనని వాఁ డామెకుఁ గట్టడి చేసెను. ఆ వేళ వరూధిని ప్రవరుని తేజోమూర్తినే తలఁచుటచేఁ బుత్త్రుఁడు తేజస్వి యయ్యెను. కావున మనువంశమునకు మేలు చేకూర్చినది వంచితురాలి యేకాగ్రతయే. వంచన కా పొగడ్త చెందదు.

అయినను వానిని రాక్షసులలోఁ జేర్చుటయు న్యాయము గాదు. రావణుఁడు యతివేషము దాల్చినది హరించుటకు. వీఁడు విప్రవేషము దాల్చినది వలపుఁ బొందుటకు. ఆ వలపు పరునిదని యెఱిఁగియే యనుభవించెను. ఆమె మూసిన కన్నులలో నున్నవాఁడు ప్రవరుఁడే యగుటచే, వాని సుఖమునందే యీ లోటు చేరియున్నది.

కథలో నిరాకరణములు రెండు. ప్రవరుఁడు వరూధినిని వలదనెను. అగ్నిదేవుఁ డాతని మాట నిలిపి యిల్లు చేర్చెను. వరూధిని గంధర్వుని వలదనెను. ఆమె మాట నిలుపువారు లేరైరి. మనుజన్మముఁ జూపి యీ రెండవ నిరాకరణమును మఱచు విమర్శకుఁడు ప్రవరుని నిష్ఠను మెచ్చుటయందును సగమే మెచ్చినవాఁ డగును.