సముద్రానికి ఏ రంగు వేయాలి? – మోనే తీరచిత్రాలు

మంగినపూడి తీరాన కూర్చొని బొమ్మ వేయమంటే పిల్లవాడు సముద్రానికి ముందుగా నీలం రంగే తీస్తాడు. మనం నేర్పినది అదే కదా! ఆ అలవాటు ఎంత పొరపాటో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే (1840–1926) చిత్రాలను చూస్తే తెలుస్తుంది.

1884 జనవరిలో మోనే ఇటలీ తీరాన ఉన్న బోర్డిగెరా అనే చిన్న ఊరికి ఒంటరిగా వెళ్ళాడు. కొద్ది వారాలుందామని వెళ్ళినవాడు ఏప్రిల్ దాకా ఉండిపోయి, ముప్పయికి పైగా చిత్రాలు వేశాడు. ఆరుబయట, ఎదుటి వస్తువును చూస్తూ వేయడం ఆయన పద్ధతి. 1841లో వచ్చిన తగరపు రంగుగొట్టాలు ఇటువంటి పనిని సులభం చేశాయి.

న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉన్న బోర్డిగెరా చిత్రంలో ముందు మన తాడి, ఈతల కుటుంబానికి చెందిన చెట్లు, వాటి వెనుక సముద్రం, ఆవల కొండలు కనుపిస్తాయి. మోనే నీడలకు నలుపు పూయడు. నీలం, ఊదా వాడతాడు. ఇది కల్పన కాదు. నీడపడిన చోట సూర్యకాంతి నేరుగా పడకపోయినా ఆకాశపు నీలికాంతి పడుతూనే ఉంటుంది. అయితే, ఆకుల కదలిక కుదిరినట్లు మ్రానుల బరువు కుదరలేదనే అనాలి. ఆ చెట్లు తనను విసిగిస్తున్నాయని ఆయనే ఉత్తరాలలో వ్రాసుకున్నాడు.

ఇక సముద్రం. విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో ఓడలో పోతూ ఈ మధ్యధరా సముద్రపు నీలిమనే చూచి ఆశ్చర్యపడ్డాడు. అది కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదనీ, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయనీ వివరించాడు. తేటనీరు కాంతిలోని ఎరుపును ఎక్కువగా పీల్చుకోవడం కూడా ఆ నీలిమకు కారణమే.

మరి హంసలదీవి దగ్గర? వరదకాలంలో కృష్ణ తెచ్చే ఒండ్రురేణువులు అన్ని రంగుల కాంతినీ చెదరగొడతాయి. నీరు మట్టిరంగుకు తిరుగుతుంది. అక్కడ కూర్చొని బోర్డిగెరా నీలం పూస్తే అది మోనేను అనుసరించడం కాదు, అనుకరించడం. ఆయన నుంచి మనం తెచ్చుకోవలసినది రంగు కాదు, చూపు.

సముద్రందాకా పోలేనివారు విజయవాడలో ప్రకాశం బ్యారేజి మీద ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం నిలబడి, నీటి రంగు ఎలా మారిందో కాగితం మీద వ్రాసుకొని చూడండి. ఆ మూడుమాటలూ ఒకే రంగు వ్రాయగలరేమో!