కౌంటరు వెనుక ఉండవలసిన మనిషి

ఫార్మసీ చట్టం మన దేశంలో 1948లో వచ్చింది. డాక్టరు రాసిన చీటీకి మందు కలిపి ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరెవరూ చేయరాదనే 42వ సెక్షను ఆ చట్టానికి ప్రాణం. కానీ ఆ సెక్షను ఏనాటి నుంచి అమలు కావాలన్నది రాష్ట్ర ప్రభుత్వాలకు వదిలారు. 1976లో చట్టాన్ని సవరించి, అప్పటికీ తేదీ ప్రకటించని రాష్ట్రాల్లో కొంత గడువు దాటాక అది తనంతట తానే అమల్లోకి వస్తుందని రాశారు. ఆ గడువు చివరికి ఎనిమిదేళ్లయింది. లెక్క వేస్తే 1984. చట్టం పుట్టిన 36 ఏళ్లకు గాని దాని ముఖ్యమైన నిబంధన దేశమంతటా నిలబడలేదు. ఈలోగా మందుల షాపంటే ఇలాగే ఉంటుందని జనానికీ, షాపు యజమానికీ, ఆఖరికి డాక్టరుకూ అలవాటైపోయింది. ఫార్మసిస్టు లేని మెడికల్ షాపును చూసి ఇవాళ మనమెవరమూ ఉలిక్కిపడకపోవడానికి మూలం అక్కడుందని ఈ పుస్తకం మొదటి అధ్యాయం చూపిస్తుంది. ఫార్మసీ పాఠాలు చెబుతూ జీవితం గడిపినవాణ్ణి గనుక ఈ తేదీలు నాకు కొత్త కావు. వాటిని ఇలా కారణం నుంచి ఫలితం దాకా నడిపించిన తెలుగు పుస్తకం చదవడం మాత్రం నాకిదే మొదలు.

గ్రంథకర్త్రి నా దగ్గర చదువుకున్న అమ్మాయి. కొంతకాలం ప్రభుత్వ ఆసుపత్రి మందుల గదిలో పనిచేసి, ఆ తర్వాత అధ్యాపకురాలైంది. మందుల గది కిటికీ ముందు వరసలో నిలబడ్డ మనిషి ముఖం ఆమెకు గుర్తుంది. అందువల్లనే చట్టం గురించి రాసిన చోట కూడా ఆ మనిషిని మరిచిపోలేదు.

పాత తరం కాంపౌండరు గురించి రాసిన పుటలు నాకు మరీ ఇష్టం. గాజు సీసాలో మిక్చరు పోసి, దాని పక్కన కాగితం పట్టీ అంటించి, ఒక్కో మోతాదుకూ ఒక్కో గాటు వచ్చేలా కత్తిరించి ఇచ్చేవాడు. కల్వంలో నూరి, తూచి, సమానమైన పాళ్లు చేసి పొట్లాలు కట్టేవాడు. కడుపుబ్బరానికి కార్మినేటివ్ మిక్చరు, ఒళ్లు నొప్పులకూ జ్వరానికీ ఏపీసీ పొడి. చాలా ఊళ్లలో డాక్టరుగారి తర్వాత అంతటి మర్యాద కాంపౌండరుగారిదే. అప్పటికే అయిదేళ్లకు తక్కువ కాకుండా మందులు కలిపే పనిలో ఉన్నవారిని తొలి రిజిస్టరులో చేర్చుకోవడానికి 1948 చట్టం దారి విడిచింది. ఆ ఔదార్యం న్యాయమైనదేనని గ్రంథకర్త్రి అంటుంది. నేనూ అంటాను. అయితే ఏపీసీలోని ఫెనాసిటిన్ ఏళ్ల తరబడి వాడితే మూత్రపిండాలను తినేస్తుందని తర్వాత తేలింది. 1983లో మన దేశంలో దాన్ని నిషేధించారు. కాంపౌండరు చేతి నేర్పులో లోపమేమీ లేదు. పొడిని సరిగ్గానే తూచాడు. ఆ పొడి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో అతనికి చెప్పిన చదువు లేదు. చేతి నేర్పు ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది, మాత్ర అచ్చు పోసుకుని షీటులో వస్తోంది. ఇక ఫార్మసిస్టుకు మిగిలింది ఆ చదువే. ఈ వృత్తిలో వచ్చిన మార్పంతా ఇదేనని ఈ పుస్తకం ప్రతిపాదన.

నియంత్రణ ఎందుకు పుట్టిందో చెప్పే భాగం క్లుప్తంగా, శుభ్రంగా ఉంది. నకిలీ మందులు, నాసిరకం క్వినైను మార్కెట్లో పారుతున్నాయన్న గోల మీద 1930లో కల్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన కమిటీ వేశారు. మరుసటి ఏడు నివేదిక వచ్చింది. 1940లో ఔషధ చట్టం, 1945లో దాని నియమాలు, 1948లో ఫార్మసీ చట్టం ఆ బీజం నుంచి మొలిచినవే. చదువు వైపు చూస్తే మహాదేవ లాల్ ష్రాఫ్ చొరవతో 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మొదలైంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ శాఖ 1951లో తెరిచారు. చట్టం ఢిల్లీలో, చదువు కళాశాలలో, అమ్మకం బజారులో, మూడూ మూడు దారుల్లో పెరిగాయన్న ఆమె పరిశీలన చాలా విలువైనది.

బజారు గురించి రాసేటప్పుడు ఈమె ఎవరినీ మందలించదు. ఇక్కడ ఆమె సంయమనాన్ని మెచ్చుకోవాలి. చిల్లర మందుల లైసెన్సుకు కనీసం పది చదరపు మీటర్ల జాగా కావాలి, ఫార్మసిస్టు పేరు కావాలి. చీటీ మందు ఫార్మసిస్టు స్వయంగా చూస్తుండగా ఇవ్వాలని నియమం. జరిగేదేమిటో అందరికీ తెలుసు. సర్టిఫికెట్టు గోడ మీద ఉంటుంది, దాని యజమాని ఎక్కడో ఉంటాడు, నెలనెలా కొంత అద్దె ముడుతుంది. కౌంటరు దగ్గర పదో తరగతి దాకా చదివిన కుర్రాడు. ఆ కుర్రాడికి డబ్బా ఏ అరలో ఉందో తెలుసు, ధర తెలుసు, ఏ బ్రాండుకు బదులు ఏది నడుస్తుందో తెలుసు. మూత్రపిండాల జబ్బున్న ముసలాయన నొప్పి మాత్ర అడిగితే ఆగాలని తెలియదు. అది అతని తప్పు కాదు. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద చిల్లర వ్యాపారికి లెక్క కట్టి ఇచ్చేది 16 శాతం మార్జిన్. అద్దె, కరెంటు, ఫ్రిజ్జు, అప్పు అన్నీ అందులోంచే. దాని మీద చదువుకున్న మనిషి జీతం యజమానికి బరువుగానే కనిపిస్తుంది. మరోవైపు, రిజిస్టరు కాకుండా చీటీ మందులు ఇచ్చిన వారికి పాత చట్టంలో రాసుకున్న శిక్ష ఆరు నెలల జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలకు ఎవరు జంకుతారు? 2023లో జన్ విశ్వాస్ చట్టంతో ఆ జరిమానాను గణనీయంగా పెంచారు. మంచిదే. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లు చాలినంత మంది లేనప్పుడు జరిమానా అంకె ఎంతైతేనేం అని ఆమె అడుగుతుంది. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవాళ్లు ఈ పుస్తకం తప్పక చదవాలి.

పుస్తకం మొత్తానికి గుండెకాయ ‘ఇవ్వను అనే మాట’ అన్న అధ్యాయం. ఫార్మసిస్టు చదువుకు ఫలం మందు ఇవ్వడంలో సగమే ఉంది, ఇవ్వకపోవడంలో మిగతా సగం ఉంది. మూడో తరం, నాలుగో తరం యాంటీబయాటిక్కులు, క్షయ మందులు, కొన్ని మత్తు మాత్రలతో హెచ్1 షెడ్యూలు తయారైంది, 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. వాటిని ఎవరు రాశారు, ఎవరికిచ్చారు, ఎంతిచ్చారు అన్నది విడి రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. జలుబుకు అజిత్రోమైసిన్ మూడు మాత్రలు అడిగే వాడికి, చీటీ లేదు గనుక ఇవ్వనని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? ఆ షాపు తనదైతే గిరాకీ పోతుంది. జీతానికి ఉంటే ఉద్యోగం పోతుంది. తెలంగాణ పల్లెల్లో ఆల్ప్రాజోలం కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడిన మనిషి, అది దొరకని నాడు వణుకుతూ మెడికల్ షాపుకు వచ్చి ఆ మాత్రే అడిగితే ఏం చేయాలి? చీటీ లేనిదే ఇవ్వరాదు. ఇవ్వనని చెప్పి ఊరుకున్నా కుదరదు. ఆ మత్తు ఒక్కసారిగా ఆగితే మూర్ఛ వచ్చే ప్రమాదముంది, వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఇది రెండు నిమిషాల్లో తేల్చవలసిన విషయం. కుర్రాడు తేల్చలేడు. గోడ మీది సర్టిఫికెట్టు అసలే తేల్చలేదు. ‘ఇవ్వను’ అన్న ఫార్మసిస్టును యజమాని తొలగించకుండా చట్టం కాపాడాలని ఈమె చేసిన సూచన నేను మరెక్కడా చదవలేదు. నియంత్రణ అంటే ఇప్పటిదాకా ఫార్మసిస్టు మీద ఆంక్షలనే అర్థం చేసుకున్నాం. అతనికి అండగా నిలబడే నియంత్రణ గురించి మాట్లాడే రోజు వచ్చిందని నా నమ్మకం కూడా.

పసిపిల్లల దగ్గు మందుల గురించిన పుటలు చదవడం కష్టమైంది. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో కల్తీ గ్లిసరాల్ వల్ల 14 మంది చనిపోయారు, జస్టిస్ లెంటిన్ విచారణ జరిపారు. ఆ కల్తీ పేరు డైఇథిలీన్ గ్లైకాల్. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్‌లో అదే విషం పసివాళ్లను బలి తీసుకుంది. తయారీలో జరిగిన ఘోరాన్ని కౌంటరు దగ్గరి మనిషి కంటితో చూసి కనిపెట్టలేడు. అయినా అతను చేయగలిగినవి ఉన్నాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడవద్దని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. బిడ్డ వయసెంతమ్మా అని ఒక్క మాట అడిగితే ఆ హెచ్చరిక పనిచేస్తుంది. మందు వాడాక బిడ్డకు మూత్రం ఆగిపోయిందని తల్లి చెబితే, ఆ బిడ్డను ఆసుపత్రికి పంపి, ఆ సంగతి దుష్ఫలితాల నమోదు కేంద్రానికి రాయాలి. 2010లో మొదలైన ఆ జాతీయ కార్యక్రమాన్ని ఇప్పుడు ఘాజియాబాదులోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడుపుతోంది. ఎన్ని షాపుల నుంచి అక్కడికి ఉత్తరం వెళుతోంది?

2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నియమావళి మందుతో పాటు మాట కూడా ఇవ్వాలంటుంది. ఎలా వాడాలి, ఎన్నాళ్లు వాడాలి, ఏ మందుతో పొసగదు, ఎక్కడ దాచాలి, ఇవన్నీ రోగికి చెప్పాలి. ఆ మాట తెలుగులో ఎలా ఉండాలో ఈమె రాసి చూపించింది. “పెద్దమ్మా, ఈ థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకో. కాఫీ తాగేది అరగంట ఆగాకే.” “అయ్యా, ఈ మెథోట్రెక్సేట్ వారానికొక్కసారే. ఏ రోజు వేసుకోవాలో ఇక్కడ రాసిస్తున్నాను, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.” “ఇన్సులిన్ ఫ్రిజ్జులో పెట్టు తమ్ముడూ, పైన గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకు.” కీళ్లవాతానికి వారానికొకసారి రాసిన మెథోట్రెక్సేటును రోజూ మింగి ప్రాణాపాయం తెచ్చుకున్న రోగుల సంగతి వైద్య పత్రికల్లో తరచూ చూస్తాం. దాన్ని ఆపడానికి ఒక వాక్యం చాలు. ఇలాంటి వాక్యాలు ఒక పూర్తి అధ్యాయమంతా ఉన్నాయి. డి.ఫార్మసీ పిల్లలు దాన్ని బిగ్గరగా చదివి అలవాటు చేసుకోవాలి.

ఫార్మ్-డి గురించి కొంత దిగులుగా రాసింది, ఆ దిగులు నాదీ. 2008లో మొదలైన ఆరేళ్ల చదువు అది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కళాశాలలు తెరిచారు. చదివి వచ్చిన పిల్లలకు ఆసుపత్రిలో కుర్చీ లేదు. వార్డులో డాక్టరు పక్కన నిలబడి మోతాదు సరిచూసే పదవి అంటూ ప్రభుత్వంలో స్థిరపడలేదు. అమెరికాలో లైసెన్సు పరీక్షకు కూర్చోవాలంటే, 2003 తర్వాత పట్టా తీసుకున్న విదేశీయులకు కనీసం అయిదేళ్ల కోర్సు ఉండాలన్న నిబంధన వచ్చాక, మన నాలుగేళ్ల బి.ఫార్మసీకి ఆ తలుపు మూసుకుంది. ఫార్మ్-డి వాళ్లకు తెరిచే ఉంది. అందుకే చాలామంది చూపు అటే ఉంది. అక్కడ మనవాళ్లు ఫ్లూ టీకా వేస్తున్నారు. ఇంగ్లండులో 2024 జనవరి చివరి నుంచి గొంతునొప్పి, సర్పి వంటి ఏడు రకాల మామూలు జబ్బులకు ఫార్మసిస్టే చూసి మందిస్తున్నాడు. మన ఊళ్లలో జ్వరం వస్తే మొదట నడిచేది మెడికల్ షాపుకే. అక్కడ చదువుకున్నవాడు కూర్చుంటే ఎంత మేలో చెప్పడానికి లండన్ దాకా వెళ్లనక్కరలేదు. ఆమె వెళ్లింది, పోలిక కోసం, మితంగానే.

ఒక్క చోట నాకూ ఆమెకూ పొత్తు కుదరదు. ఆన్‌లైన్ మందుల విషయంలో ఆమె ఆశగా రాసింది. దూరపు పల్లెకు మందు చేరుతుంది, ప్రతి బిల్లుకూ జాడ ఉంటుందని ఆమె వాదన. 2018 ఆగస్టులో ముసాయిదా నియమాలు ప్రకటించారు. ఆ డిసెంబరులోనే ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాన్ని ఆపమంది. ఏళ్లు గడిచినా ఆ ముసాయిదా తుది రూపానికి రాలేదు. నియమం లేని వ్యాపారం ముందు పెరిగి, నియమం తర్వాత వస్తే ఏమవుతుందో 1948 నుంచి 1984 దాకా చూశాం. ఆ మొదటి అధ్యాయం రాసిన చేయే ఈ అధ్యాయంలో ఇంత మెత్తబడడం నాకు నచ్చలేదు. గ్రామాల్లో ఆర్.ఎం.పి.ల దగ్గర పెరిగిన మందుల పంపిణీ గురించి కూడా నాలుగు పుటలతో సరిపెట్టింది. దానికి వేరే పుస్తకం కావాలి. అది కూడా ఈమే రాయాలి.

1948 నాటి చట్టం స్థానంలో జాతీయ ఫార్మసీ కమిషన్ తెచ్చే బిల్లు ముసాయిదాను 2023 నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. ఇప్పుడున్న ఫార్మసీ కౌన్సిల్ పోయి కమిషన్ వచ్చినంత మాత్రాన కౌంటరు వెనుకకు మనిషి రాడు. అతనికి జీతం ఎవరిస్తారు, ‘ఇవ్వను’ అన్నప్పుడు వెనక ఎవరుంటారు, రోగికి చెప్పిన మాటకు విలువ ఎవరు కడతారు, ఈ మూడింటికీ కొత్త చట్టంలో జాగా ఉండాలి. చివరి అధ్యాయంలో ఆమె వీటికి పేరు పేరునా సూచనలు రాసింది. ఫార్మసిస్టుల సంఘాలవాళ్లు, మందుల వ్యాపారుల సంఘాలవాళ్లు, శాసనసభ్యులు ఆ అధ్యాయంతోనే చదవడం మొదలుపెట్టినా ఫరవాలేదు. నా శిష్యురాలికి మనసారా ఆశీస్సులు. మలి ముద్రణలో ఆ తెలుగు వాక్యాల అధ్యాయాన్ని చిన్న పుస్తకంగా విడిగా కూడా వేసి, ప్రతి ఫార్మసీ కళాశాలకూ, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మందుల గదికీ పంపమని ప్రకాశకులను కోరుతున్నాను.