కొంగు ముడి

పోయిన వేసవిలో పిన్నిని కంటి డాక్టరుకి చూపిస్తానని మాటిచ్చాను. తొమ్మిదింటికల్లా రమ్మంది. ఎనిమిదిన్నరకి చొక్కా తొడుక్కుంటుంటే తిరగని ఫ్యాను కంటబడింది. రెగ్యులేటరు విప్పాను. తలెత్తేసరికి పదకొండు దాటింది. గవరపాలెం వెళ్లేసరికి పిన్ని ఒళ్లో మందుచీటీల సంచీ పెట్టుకుని అరుగు మీదే ఉంది. "నువ్వొస్తావనే కూకున్నాను బావూ" అంది. డాక్టరు మళ్లీ మంగళవారానికి గాని రాడు.

నాకు ధ్యాసని కుదురుగా నిలవనివ్వని ఏడీహెచ్‌డీ ఉందని ముప్పై ఏడో ఏట తేలింది. అప్పుడు వచ్చింది కాదు. పన్నెండేళ్లలోపే దాని జాడలు ఉంటేగాని డాక్టర్లు ఆ పేరు పెట్టరు. చిన్నప్పటినుంచీ నన్ను మతిమరుపువాడన్నారు, బాధ్యత లేదన్నారు. పిన్ని మీద ప్రేమా ఉంది, వెళ్లాలనీ తెలుసు. తెలిసిన పని ఆ వేళకి చేతిలోకి రాదు. ఇలాంటి అనుమానమే ఉన్నవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసి మాట్లాడొచ్చు. నేను చాలా ఆలస్యం చేశాను.

మందు వేసుకున్నాక తెరిపి వచ్చింది. మాట నిలబెట్టుకోవడం మాత్రం విడిగా నేర్చుకోవాల్సి వచ్చింది. అనకాపల్లి వాణ్ని కాబట్టి బెల్లం వండే పాకే గుర్తొచ్చింది. అక్కడ పాకం చూసే పెద్దాయన గడియారం చూడడు. నీళ్లగిన్నెలో కాస్త పాకం వదిలి వేళ్లతో నలుపుతాడు. ఉండ కట్టిందా, పెనం దించాల్సిందే. ఇక ఆలోచన లేదు. 'ఇది జరగ్గానే అది చేస్తాను' అని ముందే ముడిపెట్టుకుంటే పనులు నెరవేరే అవకాశం బాగా పెరుగుతుందని జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాశాడు. మా అమ్మ కొంగుకి వేసుకునే ముడి కూడా అలాంటిదే. చేతులు తుడుచుకోబోతే తగులుతుంది, పాలబాకీ గుర్తొస్తుంది.

ఇప్పుడు నేను టైముని నమ్ముకోను. టీ గ్లాసు కింద పెట్టగానే చెప్పులు వేసుకోవాలి, అంతే. పిన్ని చీటీల సంచీ ముందురాత్రే మా ఇంటికి తెచ్చుకుని, బండి తాళం అందులో పడేస్తాను. సంచీ ముట్టుకోకుండా బండి కదలదు. వీటన్నిటికంటే కష్టమైంది, ఎవరేమడిగినా ఠక్కున 'సరే' అనకపోవడం. "రేపు పొద్దున చెప్తాను" అంటే మొదట్లో పిన్ని కూడా నొచ్చుకుంది.

మొన్న గురువారం నేను అరుగెక్కేసరికి పిన్ని ఇంకా జడ వేసుకుంటోంది.

"అప్పుడే వచ్చేశావేటి" అంది, దువ్వెన చేతిలో పట్టుకుని.