విప్పి బిగించిన బండి

నువ్వు పడితే ఒక్క మనిషి లేపుకోగలడు. నీ గొప్పతనం నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. నూట యాభై చిల్లర కిలోల బరువు, 199.6 సీసీల ఒంటి సిలిండర్, ముందు 21 అంగుళాల చువ్వల చక్రం, వెనక 18, పొట్టకీ నేలకీ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. కంపెనీ కాగితం మీది ఈ అంకెలు నాకు దండకంలా నోటికొచ్చు. ముందు చక్రం అంత పెద్దది కాబట్టే రాయి ఎదురైతే గుద్దుకోదు, ఎక్కి దిగుతుంది. పోతచక్రం పగిలే గుంటలో నీ చువ్వల చక్రం వంగి ఊరుకుంటుంది. వంగినదాన్ని మళ్లీ గుండ్రంగా లాగే చెయ్యి ప్రతి ఊళ్లోనూ దొరుకుతుంది.

2019 మే నెలలో ఎక్స్‌పల్స్ 200 అనే పేరుతో, లక్ష రూపాయల చుట్టుపక్కల ధరకి, నువ్వు బజారులోకి వచ్చావు. నీకన్నా ముందు, 2011లో, నిన్ను తయారుచేసిన హీరో కంపెనీయే ఇంపల్స్ అని నూట యాభై సీసీల బండి తెచ్చింది. ఎత్తైన ఒళ్లు, పొడవాటి సస్పెన్షన్, అన్నీ ఉన్నా కొనేవాళ్లు చాలక తప్పుకుంది. వేళ కాని వేళ పుట్టిన ఆ అక్కకీ ఒక దండం. బెంగళూరు వాడు సి.ఎస్. సంతోష్ 2015లో డకార్ ర్యాలీ చివరిదాకా నడిపి, ఆ పని చేసిన తొలి భారతీయుడయ్యాక, రాళ్లలో ఇసుకలో బండి తోలడం మనవాళ్ల వల్ల కూడా అవుతుందని నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం మా జేబులకి అందింది నీవల్లే.

మేము కోయంబత్తూరు తెలుగువాళ్లం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, లేత్ పట్టరైలో, అంటే వర్క్‌షాపులో, రెండూ కలిసిన భాష. విజయనగరం నాటి నుంచీ, ఆ పైన మధుర నాయకుల ఏలుబడిలోనూ దక్షిణానికి నడిచి వచ్చిన కుటుంబాలు ఇక్కడి నల్లరేగడి చూసి ఆగాయి, పత్తి వేశాయి. పత్తి వెంట మిల్లులు వచ్చాయి. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టాడు. 1932లో నీలగిరుల నుంచి పైకారా కరెంటు దిగింది. ఎద్దులు మోట లాగే బావుల్లోకి మోటార్లు దిగాయి. మోటార్లకి, పంపులకి పోత పొయ్యాలి కనక ఫౌండ్రీలు లేచాయి. పోతని చెక్కాలి కనక లేత్‌లు తిరిగాయి. పీలమేడు, గణపతి, ఆవారంపాళయం సందుల్లో ఇవాళ్టికీ ఇనుప రజను వాసన కాఫీ వాసనతో కలిసే వస్తుంది. నువ్వు ఎక్కడో దూరపు ఫ్యాక్టరీలో పుట్టి ఉండొచ్చు. నిన్ను పెంచుకున్నది మాత్రం ఆ పత్తి, ఆ బావి, ఆ లేత్.

ఇక్కడ నీ పూర్వీకుణ్ణి తలవాలి. సూలూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో 1893 మార్చి 23న గోపాలస్వామి దొరస్వామి నాయుడు పుట్టాడు. బడి అంటే గిట్టని పిల్లవాడు. ఇరవై ఏళ్ల ప్రాయంలో ఒక తెల్ల అధికారి ఎక్కివచ్చిన రడ్జ్ మోటారుసైకిలు కంటపడింది. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి నడుస్తోంది. ఆ చూపు ఆయన్ని ఊళ్లో నిలవనివ్వలేదు. కోయంబత్తూరు వచ్చి హోటల్లో సర్వర్‌గా చేరాడు, పైసా పైసా కూడబెట్టాడు, ఆ అధికారి దగ్గరికే వెళ్లి ఆ బండినే కొన్నాడు. కొన్నవాడు చేసిన పని చూడు: ఎక్కి ఊరేగలేదు. ముక్క ముక్కగా విప్పాడు. విప్పినదాన్ని మళ్లీ బిగించాడు. ఇంజను గుట్టు ఆ రెండు పనుల మధ్య ఆయన చేతికి చిక్కింది. చదువు చెప్పిన గురువు లేడు, పుస్తకం లేదు. పానా, గ్రీజు, తెలుసుకోవాలన్న ఆకలి, అంతే.

1920లో ఆయన ఒక బస్సు కొని పొల్లాచ్చి నుంచి పళనికి తానే తోలాడు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి, ఈ దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకునేదాన్ని బయటికి తెచ్చాడు. 1974 జనవరి 4న పోయాడు. అవినాశి రోడ్డు మీద 2025 అక్టోబరులో తెరిచిన పది కిలోమీటర్ల పైవంతెనకి ఆయన పేరే పెట్టారు. నువ్వు ఆ వంతెన ఎక్కినప్పుడల్లా నేను ఇంజను చప్పుడు శ్రద్ధగా వింటాను. చిన్న మోటారుసైకిలు ఒకటి విప్పడంతో మొదలైన జీవితం ఈ కాంక్రీటు కింద ఉంది.

ఆ పరంపరలోనే ఎస్. కరివర్ధన్‌నీ చెప్పుకుంటాను. లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టి, మారుతి 800 ఇంజను పెట్టి ఒంటిసీటు రేసు కారు కట్టించాడు. పెద్ద ఇంజను కోసం విదేశం వైపు చూడకుండా, మన రోడ్ల మీద తిరిగే చిన్న ఇంజనుతోనే కుర్రాళ్లకి పందెం నేర్పాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయంలో 2003లో తెరిచిన పందెపు బాట ఆయన పేరే మోస్తోంది.

ఇక నీ ఒంటి మీద పడిన చేతుల సంగతి.

మొదట హ్యాండిల్. రాళ్లలో నిలబడి తోలాలి. నిలబడితే నడుము వంగకూడదు. లేత్ పట్టరై పెద్దాయన నన్ను నీ మీద నిలబెట్టి, మోచేతుల దగ్గర బెత్తె పెట్టి, "ఎంత లేపాల నాయనా?" అన్నాడు. "నువ్వే చూసి చెప్పు మామా" అన్నాను. అల్యూమినియం దిమ్మె తీసి చెక్కాడు. లేత్‌లోంచి తెల్లటి చుట్టలు రాలుతుంటే ఎంత సేపైనా చూడొచ్చు. అంగుళం ఎత్తు పెరిగింది. ఆ అంగుళంతో నా వెన్ను ఆనైమలై దాకా వెళ్లింది.

తరువాత స్ప్రాకెట్. వెనక ఒకటి రెండు పళ్లు పెంచితే కొండ మలుపుల్లో, రెండో గేరులో, ఇంజను ఊపిరాడక గింజుకోదు. హైవే మీద వేగం కొంత తగ్గుతుంది. తగ్గనీ. హైవే వేగానికి వేరే బండ్లున్నాయి. అడుగున ఇంజనుకి కాపుగా కంపెనీ ఇచ్చిన రేకుని ఇంకొంచెం దళసరిగా, రెండు పక్కలా పైకి వచ్చేలా వంచి బిగించాం. చేతులకి అడ్డుగా గార్డులు. పొగమంచు లైట్లు వేసేటప్పుడు వైరు గిచ్చి కలపొద్దని పట్టుబట్టాను: రిలే, ఫ్యూజు, బ్యాటరీ నుంచి విడి వైరు. చిన్న బండి పుట్టించే కరెంటు కొంచెమే, దాన్ని పొదుపుగా వాడుకోవాలి. చువ్వల చక్రానికి ట్యూబు ఉంటుంది కనక రెండు టైరు లివర్లు, ప్యాచీలు, చేతి పంపు సీటు కింద సర్దాం. పంచరు వేసుకోవడం రానివాడు అడవి దారి పట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

శారీ గార్డు తీసెయ్యమని చాలామంది చెప్పారు. బరువు తగ్గుతుందట, చూడ్డానికి బాగుంటుందట. నేను తియ్యలేదు. నీ సీటు ఎత్తు 823 మిల్లీమీటర్లు. మా అమ్మ ఎక్కాలంటే చిన్న మెట్టు కావాలి. శారీ గార్డుకే ఇనుప పట్టీ వెల్డింగ్ పెట్టించి అడుగు మోపే చోటు చేశాం. సంచి తగిలించే కడ్డీ కూడా దానికే. ర్యాలీ బండి ఫోటోల్లో అలాంటిది కనపడదు. నా కంటికి మాత్రం నీ ఒంటి మీది మార్పులన్నిటిలోనూ అందమైనది అదే.

సైలెన్సరు జోలికి పోలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు లెక్కకి భిన్నంగా బండి మౌలిక రూపాన్ని మార్చొద్దంటుంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఆ మాటనే గట్టిగా చెప్పింది. చట్టం లేకపోయినా నేను మార్చను. ఏనుగులు నీళ్లకి దిగే దారిలో, పసిపిల్లలు నిద్రపోయే వీధిలో అరుచుకుంటూ పోయే బండికి నేను స్తోత్రం రాయలేను. కంపెనీ 2020లో తెచ్చిన ర్యాలీ కిట్ ముందు సస్పెన్షన్ ప్రయాణాన్ని 190 నుంచి 250 మిల్లీమీటర్లకి పెంచుతుంది, కానీ అది పోటీల కోసం చేసినది. ఆ ఎత్తు కావాలనుకునేవాళ్లకి రోడ్డు అనుమతితోనే ర్యాలీ ఎడిషన్ 2022లో వచ్చింది. ఆ దారి ఉండగా దొంగదారి దేనికి? మార్పు అంటే బండిని మన దారికి, మన ఒంటికి, మన ఇంటికి సరిపెట్టడం. పక్కవాడి చెవులు పగలగొట్టడం దాని కిందకి రాదు.

ఇప్పుడు నిన్ను మధుర తీసుకెళ్తాను. పొల్లాచ్చి, ఉడుమలపేట, పళని, ఒట్టన్‌చత్రం, దిండిగల్లు. అందులో పొల్లాచ్చి నుంచి పళని దాకా దొరస్వామి నాయుడు బస్సు తోలిన దారే. కొబ్బరితోటల మధ్య నువ్వు 60 దగ్గర హాయిగా గొణుక్కుంటూ పోతావు, నేను తొందరపెట్టను. మధురలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు స్తంభాలు చూసి, పడమటికి తిరిగి, తేని మీదుగా బోడినాయకనూరు. ఆ వైపు పల్లెల్లో అరుగుల మీద వినపడే తెలుగు మా తెలుగు కాదు; యాస వేరు, కొన్ని మాటలు వేరు. నిన్ను ఆపగానే చుట్టూ చేరి, "ఇది ఎంత ఇస్తది?" అని మైలేజీ అడుగుతారు. తర్వాత నేల మీద గొంతుక్కూర్చుని అడుగు రేకు తట్టి చూస్తారు, వెల్డింగ్ ఎవరు వేశారంటారు. ఊరి పేరు చెబితే తలూపుతారు. చుట్టరికం కలపడానికి నాకు ఇంతకన్నా మంచి దారి దొరకలేదు.

బోడి మెట్టు 17 మలుపులు. పెంచిన స్ప్రాకెట్ పళ్లు అక్కడ పనికొస్తాయి. యాలకుల వాసన మొదలయ్యేచోట నీ ఇంజను వేడిగా, నమ్మకంగా, ఒకే తాళంలో కొట్టుకుంటుంది. లోపల ఏ బోల్టు ఎంత బిగువులో ఉందో నాకు తెలుసు. తెలిసిన బండి మీద కొండ ఎక్కడంలో ఉన్న నిబ్బరం డబ్బు పెట్టి కొనలేం. అది ఆదివారాలు నేల మీద కూర్చుని, గోళ్లలో గ్రీజుతో, సంపాదించుకున్నది.

ఐప్పసి నెల వానలు తగ్గనీ. ఫోర్కులో ఆయిల్ మార్చాలి, వెనక చక్రం చువ్వలు ఒకసారి లాగించాలి, గొలుసు కడగాలి. వాల్పారై 40 మలుపులు మనకింకా బాకీ ఉన్నాయి. పొల్లాచ్చి దాకా అమ్మ కూడా వస్తానంటోంది.